ఫినాయిలుతో మూడుసార్లు కడిగిన ఇల్లు: ఒకే కుటుంబంలో ఐదుగురికి పాకిన వాంతులు, విరేచనాలు (కేస్ స్టడీ)

గోదావరి డెల్టాలోని ఒక గ్రామంలో, ఏడుగురు సభ్యులున్న ఒక కుటుంబంలో, ఆరు రోజుల వ్యవధిలో ఐదుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మొదటి ముగ్గురికి జబ్బు వచ్చిన తరువాత ఇంటివారు ఇల్లంతా ఫినాయిలుతో మూడుసార్లు కడిగారు. మిగిలిన ఇద్దరికీ ఆ తరువాతే వచ్చింది. అప్పట్లో నేను ఆ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా ఉన్నాను. అంత శ్రద్ధగా కడిగిన ఇంట్లో జబ్బు ఎందుకు ఆగలేదో తెలుసుకోవడానికి వెళ్ళి, చూసినదీ చేసినదీ, అందులో నా వల్ల జరిగిన ఒక పొరపాటుతో సహా ఇక్కడ రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. వారిని గుర్తుపట్టగల వివరాలు మాత్రం వదిలేశాను.

కుటుంబం, ఇల్లు

ఇంట్లో 76 ఏళ్ల తాతగారు, 71 ఏళ్ల మామ్మగారు, వారి పెద్దకొడుకు, కోడలు, వాళ్ల పిల్లలిద్దరు (9 ఏళ్ల అబ్బాయి, 3 ఏళ్ల అమ్మాయి), పెళ్ళికాని చిన్నకొడుకు ఉంటారు. చిన్నకొడుకు రొయ్యల చెరువు దగ్గర కాపలా పని చేస్తాడు కనుక వారంలో ఎక్కువ రాత్రులు చెరువు గట్టు మీది పాకలోనే పడుకుని, అక్కడే వండుకు తింటాడు. ఇల్లు రెండు గదుల పెంకుటిల్లు. వెనక వసారాలో వంట చేస్తారు. పెరట్లో ఒకే మరుగుదొడ్డి, దానికి ఆనుకుని స్నానాల గది, రెండింటికీ మధ్య ఒకే కుళాయి. తాగే నీళ్ళు వీధి కుళాయి నుంచి పట్టి ఇత్తడి బిందెలో పోసి వసారా మూలన ఉంచుతారు. మూత మీద ఒక చెంబు బోర్లించి ఉంటుంది. ఎవరికి దాహమేసినా ఆ చెంబును బిందెలో ముంచుకుని తాగుతారు.

వ్యాధి క్రమం

అబ్బాయి తాతగారితో కలిసి ఒక పెళ్ళి భోజనానికి వెళ్ళి వచ్చిన రెండో తెల్లవారుజామున పరుపు మీదే వాంతి చేసుకున్నాడు. దాన్ని మొదటి రోజుగా లెక్కిస్తున్నాను. ఆ రోజంతా ఏడెనిమిదిసార్లు వాంతులయ్యాయి, విరేచనాలు తక్కువే. మర్నాటికి కుర్రవాడు లేచి తిరిగాడు. రెండో రోజు రాత్రి కోడలికి, మూడో రోజు ఉదయం మామ్మగారికి మొదలయ్యాయి. మామ్మగారు బాగా నీరసించి, నాలుక పిడచకట్టి, మూత్రం రాని స్థితిలో మా కేంద్రానికి వచ్చారు. రింగర్ లాక్టేట్ సీసాలు ఎక్కించి, తేరుకున్నాక ఓఆర్ఎస్ తాగిస్తూ రెండు రోజులు ఉంచుకున్నాం. ఐదో రోజు సాయంత్రం చిన్నపిల్లకు, ఆరో రోజు తెల్లవారుజామున పెద్దకొడుక్కి వచ్చాయి. అదే మధ్యాహ్నం నేను, మా ఏఎన్ఎం, ఆ వీధి ఆశా కార్యకర్త ముగ్గురమూ ఇంటికి వెళ్ళాం.

మామ్మగారి మలం నమూనాలో కలరా క్రిమి కనిపించలేదు. జిల్లా ల్యాబ్‌లో కల్చర్ చేసినా వ్యాధి కలిగించే బాక్టీరియా ఏదీ పెరగలేదు. చిన్నపిల్లకు టీకా కార్డు ప్రకారం, పసిపిల్లల్లో విరేచనాలు కలిగించే రోటావైరస్‌కు వేసే టీకా చుక్కలు మూడు విడతలూ పడ్డాయి. దేశంలో ఆ టీకాను ముందుగా ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, 2016 నుంచి ఇక్కడ వేస్తున్నారు. ఒకరికీ మరొకరికీ మధ్య ఒకటి రెండు రోజుల ఎడం, విరేచనాల కంటే వాంతులు ముందుండడం, ఒక్కొక్కరికీ రెండు రోజుల్లోపే తగ్గిపోవడం, అదే పెళ్ళికి వెళ్ళిన మరికొన్ని ఇళ్ళలోనూ ఇవే లక్షణాలు కనిపించడం అన్నీ కలిపి చూస్తే నోరోవైరస్ అని బలంగా అనిపించింది. 1968లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నార్వాక్ పట్టణంలో ఒక పాఠశాలలో ప్రబలిన వాంతుల జబ్బు నుంచి ఈ వైరస్‌కు ఆ పేరు వచ్చింది. మా స్థాయిలో దాన్ని నిర్ధారించే పరీక్ష అందుబాటులో లేదు. అందువల్ల ఈ కేసును నోరోవైరస్ వంటి జబ్బుగానే భావించి, ఇంటి శుద్ధిని ఆ వైరస్‌కు తగినట్టు చేశాం. దాన్ని చంపగల మోతాదు, మలం ద్వారా వ్యాపించే ఇతర క్రిములలో చాలావాటికి సరిపోతుంది కాబట్టి ఆ నిర్ణయంలో నష్టం లేదు.

ఈ వైరస్ సంగతి కొంత తెలియకపోతే తరువాత చేసిన పనులు అర్థం కావు. దీనికి కొవ్వు పొర లేదు. కరోనా వైరస్‌కు, ఫ్లూ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది కనుక సబ్బు, స్పిరిట్టు ఆ పొరను కరిగించి వాటిని చంపుతాయి. నోరోవైరస్‌కు గట్టి ప్రొటీన్ గుల్ల మాత్రమే ఉంటుంది. దాని మీద చేతులకు రాసుకునే శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బుతో చేతులు కడిగితే వైరస్ చావకపోయినా చర్మం నుంచి ఊడి నీళ్ళతో పోతుంది, ఆ మేరకు అదే మేలు. ఒక గ్రాము మలంలో కోట్ల సంఖ్యలో వైరస్ కణాలుండవచ్చు. మనిషికి జబ్బు చేయడానికి ఇరవై కణాలలోపు చాలునని ఒక అంచనా. లక్షణాలు తగ్గిన తరువాత కూడా రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, రోగి మలంలో వైరస్ పోతూనే ఉంటుంది.

ఇంట్లో చూసినది

గుమ్మంలో అడుగు పెట్టగానే ఫినాయిలు వాసన గుప్పుమంది. "మూడుసార్లు కడిగామండి డాక్టరుగారూ, గోడలు కూడా తుడిచామండి, ఇంకా ఏం చెయ్యమంటారండి?" అని కోడలు అడిగింది. ఆ మనిషి రెండు రోజుల కిందట తానే మంచం పట్టి లేచి, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్ళి, వచ్చి నేల కడిగింది. ఆమె శ్రమలో లోపమేమీ లేదు. నేను ఇల్లంతా కలియజూడకుండా, జబ్బు వచ్చిన ఐదుగురూ పొద్దుట్నుంచి పడుకునే దాకా చేత్తో ఏమేం ముట్టుకున్నారో ఒక్కొక్కటే చెప్పమని అడిగాను. అక్కడి నుంచి చిక్కుముడి విడిపోవడం మొదలైంది.

నేల కడిగిన పద్ధతి ఇలా ఉంది. బకెట్టెడు నీళ్ళలో రెండు మూతల తెల్ల ఫినాయిలు కలిపారు. ఒకే గుడ్డతో మొదట మరుగుదొడ్డి గచ్చు, తరువాత గదులు, చివర వంట వసారా తుడిచారు. తుడిచిన వెంటనే పొడిగుడ్డతో ఒత్తారు. తెల్ల ఫినాయిలు పైన్ నూనెతో చేసేది, మంచి వాసన ఇస్తుంది, కొన్ని బాక్టీరియాలను తగ్గిస్తుంది. ఇటువంటి గుల్ల వైరస్‌ల మీద దాన్ని నమ్ముకోవడానికి లేదు. అందులోనూ ఏ మందయినా తడిగా కొన్ని నిమిషాలు నిలిచి ఉంటేనే పనిచేస్తుంది, వెంటనే తుడిచేస్తే సగం పని కూడా జరగదు. మరుగుదొడ్డి దగ్గర మొదలుపెట్టిన గుడ్డ వంట దగ్గర ఆగింది కాబట్టి, ఆ గుడ్డే వైరస్‌ను మోసుకొచ్చి ఉండవచ్చు.

అయితే నాకు నేల కంటే ఎక్కువ అనుమానం కలిగించినవి వేరే ఉన్నాయి. మరుగుదొడ్డిలో ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ మగ్గు ఉంది. దాని పిడి లోపలి వంపులో, వేళ్ళు పట్టుకునే చోట, తెల్లగా గారలాంటి పొర గట్టిగా పేరుకుని ఉంది. మా ఏఎన్ఎం చేతితొడుగు వేసుకుని గోటితో గీకితే పొడిగా రాలింది. ఇంట్లో ఏడుగురూ రోజూ పట్టుకునే మగ్గు అది. నేల మూడుసార్లు కడిగిన ఇంట్లో దాన్ని ఒక్కసారి కూడా తోమలేదు. మరుగుదొడ్డి గడియ, కుళాయి పిడి కూడా అంతే. బయటికి వచ్చినవాళ్లు చేయి కడుక్కోవడానికి మురికి చేత్తోనే కుళాయి తిప్పుతారు, కడుక్కున్నాక మళ్ళీ అదే పిడిని పట్టుకుని కట్టేస్తారు.

రెండోది నీళ్ళ బిందె. వీధి కుళాయి నీళ్ళలో, క్లోరిన్ ఉందో లేదో రంగుతో చూపే క్లోరోస్కోప్ చుక్కలు వేస్తే లేత పసుపు రంగు వచ్చింది, అంటే పంచాయతీ సరఫరాలో క్లోరిన్ ఉంది. బిందెలోని నీళ్ళలో అవే చుక్కలు వేస్తే రంగు రాలేదు. నిలవున్న నీళ్ళలో క్లోరిన్ దానంతట అదే తగ్గుతుంది, లోహపు పాత్ర కూడా కొంత హరిస్తుంది, కనుక రంగు రానంత మాత్రాన బిందె కలుషితమైందని తీర్మానించలేదు. కానీ ముంచిన ప్రతి చెంబుతోపాటు వేళ్ళు కూడా నీళ్ళలో మునుగుతాయి. ఆ వేళ్ళ మీద వచ్చినదాన్ని చంపడానికి అందులో ఏమీ మిగల్లేదు.

మూడోది కోడలి చేతి వంట. ఆమెకు వాంతులు నాలుగో రోజు ఉదయం ఆగాయి. అదే మధ్యాహ్నం నుంచి వండి, చిన్నపిల్లకు అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ఐదో రోజు సాయంత్రం పిల్లకు మొదలైంది. ఈ వైరస్ శరీరంలో చేరిన 12 నుంచి 48 గంటల్లో లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి లెక్క సరిపోతుంది. ఈ మాట ఆమెకు ఎలా చెప్పాలా అని కొంత ఆలోచించాను. బిడ్డకు తన చేతి ముద్దే జబ్బు తెచ్చిందని తల్లికి తోస్తే ఆ బాధ చిన్నది కాదు. అందుకని, జబ్బు తగ్గినవాళ్లెవరైనా ఇంకో రెండు రోజుల దాకా వంట పనికి దూరంగా ఉండాలనీ, ఆ మాట ఆమెకు ముందే చెప్పవలసినది మేమనీ చెప్పాను. అది నిజం కూడా. మామ్మగారిని చేర్చుకున్న రోజు మేము ఓఆర్ఎస్ పొట్లాలు ఇచ్చాం గాని, ఇంట్లో ఎవరు వండుతున్నారని అడగలేదు.

మామ్మగారు మంచం మీద నుంచే, "మా అత్తగారి రోజుల్లో అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టి, ఆ మనిషికి వేరే గది, వేరే గ్లాసు పెట్టేవోరు బాబూ, ఇప్పుడెవరూ పాటించట్లేదు" అన్నారు. వేపాకు వైరస్‌ను చంపుతుందని నేను చెప్పను. వేపమండ చూసి వచ్చేపోయేవాళ్లు గుమ్మం బయటే ఆగిపోవడం, రోగికి గది, గ్లాసు వేరు చేయడం మాత్రం నిజంగా పనికొచ్చే ఏర్పాటు. ఆ ఇంట్లో మేము చేసిన సలహాలలో సగం ఆమెకు తెలిసినవే. పెరట్లో చల్లిన పసుపు నీళ్ళ గురించీ అడిగారు. అవి హాని చేయవనీ, ఈ జబ్బుకు వాటి మీద ఆధారపడవద్దనీ చెప్పాను.

బ్లీచింగ్ పొడి

డెల్టా గ్రామాల్లో బ్లీచింగ్ పొడికి కొదవ లేదు, రొయ్యల చెరువుల శుద్ధికి బస్తాలకు బస్తాలు వాడతారు. చిన్నకొడుకు చెరువు దగ్గరి నుంచి ఒక సంచి అప్పటికే తెచ్చి వసారాలో పెట్టి ఉన్నాడు. మూతి విప్పి ఉంది, పొడి ఉండలు కట్టింది, ఘాటు వాసన తక్కువగా ఉంది. ఒక చెంచా పొడిని బకెట్టు నీళ్ళలో కలిపి క్లోరోస్కోప్ చుక్కలు వేశాం. మంచి పొడి అయితే ఆ మోతాదుకు నారింజ దాటి ఎర్రబారిన రంగు రావాలి. కుళాయి నీళ్ళకు వచ్చినంత లేత పసుపే వచ్చింది. తడిగాలి, వెలుతురు తగిలిన పొడిలో క్లోరిన్ ఎగిరిపోయి సున్నం మిగులుతుంది. తెల్లగా ఉంది కదా అని దాన్ని చల్లి ఊరుకోవడం చాలా ఊళ్ళలో చూశాను. కాలువ గట్ల వెంట ముగ్గు పోసినట్టు పొడి చల్లడం కూడా అటువంటిదే. నీళ్ళలో కలపని పొడి తడిసినంత మేరే పనిచేస్తుంది.

మా కేంద్రంలోని సీలు విప్పని సంచి నుంచి పొడి తెప్పించాం. తాజా బ్లీచింగ్ పొడిలో దాదాపు 33 శాతం క్లోరిన్ లభిస్తుంది. ఆ లెక్కన 10 లీటర్ల నీళ్ళకు 150 గ్రాములు కలిపితే సుమారు 0.5 శాతం ద్రావణం, 30 గ్రాములు కలిపితే 0.1 శాతం ద్రావణం వస్తాయి. మొదటిది వాంతి, మలం పడిన చోట్లకు. రెండోది అందరి చేతులూ తగిలే గట్టి ఉపరితలాలకు. పిడికెడు, గుప్పెడు అని చెబితే ఒక్కొక్కరిది ఒక్కొక్క కొలత అవుతుంది కనుక, వీధి చివరి కిరాణా కొట్టులో పొడిని తూయించి 150 గ్రాములవి, 30 గ్రాములవి విడివిడిగా పొట్లాలు కట్టించాం. బకెట్టు లోపల 10 లీటర్ల దగ్గర మేకుతో గీత గీశాం. పొడి కలిపిన నీళ్ళను పావుగంట కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది, పైతేటను వేరే ప్లాస్టిక్ బకెట్టులోకి వంచుకోవాలి. ఏ రోజుది ఆ రోజే కలపాలి.

వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు 1847లో పురుళ్ళ వార్డులోకి వెళ్ళే వైద్యులందరి చేతా చేతులు కడిగించింది ఈ సున్నపు క్లోరిన్ నీళ్ళతోనే. ఇన్నేళ్ళ తరువాత కూడా ఇంత చవకలో ఇంత పనిచేసే మందు మరొకటి మా చేతికి రాలేదు. నియమాలు తప్పితే మాత్రం అది అంతే త్వరగా నిష్ఫలమవుతుంది, లేదా హాని చేస్తుంది.

నియమాలలో మొదటిది, మురికిని ముందు తీసేయడం. వాంతి, మలం, జిడ్డు, మట్టి ఏవైనా సరే క్లోరిన్‌ను తామే ఖర్చు చేసేసి వైరస్ దాకా చేరనివ్వవు. కోడలికి, ఆశా కార్యకర్తకు మా ఏఎన్ఎం ఆ పని ఒకసారి చేసి చూపించింది. చేతితొడుగులు, మాస్కు వేసుకుని, కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపింది. చీపురు ముట్టనివ్వలేదు, ఎందుకంటే ఎండిన వాంతిని ఊడిస్తే అది గాలిలోకి లేచి ముక్కులో, నోట్లో పడుతుంది. పెద్దకొడుకు ఆ తెల్లవారుజామున వాంతి చేసుకున్న చోట పాత గుడ్డలు పరిచి, వాటి మీద 0.5 శాతం ద్రావణం మెల్లగా పోసి, గడియారం చూసి పది నిమిషాలు ఆగింది. గుడ్డలను అంచుల నుంచి లోపలికి మడుస్తూ ఎత్తి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టింది. తరువాత సబ్బు నీళ్ళతో ఆ చోటునూ, చుట్టూ ఆరేడు అడుగుల మేర నేలనూ, గోడ కింది భాగాన్నీ రుద్ది కడిగి, మళ్ళీ 0.5 శాతం ద్రావణంతో తడిపి ఇంకో పది నిమిషాలు వదిలి, చివర మంచినీళ్ళతో కడిగేసింది. వాంతి తుంపరలు కంటికి కనిపించిన దానికంటే చాలా దూరం పడతాయి. మొదటి రోజు అబ్బాయి వాంతి తుడిచినప్పుడు మరకను మాత్రమే తుడిచారు.

మగ్గును మాత్రం తోమించలేదు, పారేయమన్నాను. కొత్తవి రెండు కొనిపించాం: ఎర్రది జబ్బుగా ఉన్నవాళ్లకు, నీలిది మిగిలినవాళ్లకు. గడియ, కుళాయి పిడి, బకెట్టు చెవులు, తలుపు అంచులు, మంచం కోళ్ళ పైభాగం రోజుకు రెండుసార్లు 0.1 శాతం ద్రావణంతో తడిపి, పది నిమిషాలాగి తుడవాలి. కరెంటు స్విచ్చుల దగ్గర మెయిన్ కట్టేసి, బాగా పిండిన గుడ్డతోనే తుడవాలి. ఫోను, టీవీ రిమోట్ క్లోరిన్‌కు పాడైపోతాయి కాబట్టి, పిండిన సబ్బు గుడ్డతో గట్టిగా రుద్ది, తరువాత తడిగుడ్డతో తుడవమన్నాం. ఫోను తొడుగును మాత్రం విడదీసి ద్రావణంలో ముంచవచ్చు.

వంటపాత్రలకు బ్లీచింగ్ వాడవద్దన్నాను. అది ఇత్తడిని, అల్యూమినియాన్ని తినేస్తుంది, స్టీలు మీద కూడా మచ్చలు పడతాయి. కంచాలు, గ్లాసులు సబ్బుతో తోమి పెద్ద గుండిగలో నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మరగబెడితే చాలు. మసిగుడ్డలు కూడా అదే గుండిగలో చివరి విడతగా వేసి ఉడికించి ఎండలో ఆరేయాలి. తాగే నీళ్ళు బాగా తెర్లిన తరువాత ఇంకొక నిమిషం ఉంచి దించి, అదే పాత్రలో మూత పెట్టి, పొడుగు కాడ గరిటెతో మాత్రమే తీసుకోవాలి. మరగబెట్టడం కుదరని పూట, 20 లీటర్లకు ఒకటి చొప్పున మేమిచ్చిన క్లోరిన్ మాత్ర వేసి గంట ఆగాలి.

పరుపు దగ్గర చిక్కు వచ్చింది. అబ్బాయి వాంతి చేసుకున్నది బూరుగు దూది పరుపు, కోడలికి పుట్టింటి సారెలో వచ్చినది. తడి లోపలికి దిగింది. దూదిలోకి దిగినదాన్ని ఏ ద్రావణంతోనూ శుద్ధి చేయలేం, ఎండ పైపొరకే తగులుతుంది. నిబంధన ప్రకారం తగలబెట్టమనాలి. ఆమె ముఖం చూసి ఆ మాట అనలేకపోయాను. గలేబు విప్పి వేడినీళ్ళలో వేయించి, మరకపడిన మేర దూదిని తడిపి చేతితొడుగులతో తీసి పెరట్లో లోతుగా పూడ్పించి, మిగిలిన పరుపును మూడు రోజులు తిరగేస్తూ ఎండబెట్టి నెల రోజులు వాడకుండా అటక మీద పెట్టమన్నాను. ఇది రాజీ. ఇంట్లో మరో పరుపు, వేరేచోటు ఉన్నాయి కనుకే దానికి ఒప్పుకున్నాను.

జరిగిన పొరపాటు

మర్నాడు, అంటే ఏడో రోజు ఉదయం, పెద్దకొడుకును మోటారు సైకిలు మీద మా కేంద్రానికి తీసుకువచ్చారు. ఆగని దగ్గు, కళ్ళ వెంట నీళ్ళు, ఛాతీలో మంట. మరుగుదొడ్డి గారపట్టి ఉందని, అక్కడ ఎప్పుడూ వాడే యాసిడ్ పోసి, అది ఉండగానే దాని మీద 0.5 శాతం బ్లీచింగ్ ద్రావణం గుమ్మరించాడు. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. నాలుగడుగుల గది, పైన చిన్న కిటికీ. అదృష్టవశాత్తూ తలుపు తీసి ఉండడం వల్ల వెంటనే బయటికి వచ్చేశాడు. ఆక్సిజన్ శాతం 97 ఉంది. కళ్ళు నీళ్ళతో కడిగి, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటలు ఆలస్యంగా కూడా జరగవచ్చు కాబట్టి సాయంత్రం దాకా కదలనివ్వకుండా ఉంచుకున్నాం. దగ్గు రెండు రోజుల్లో తగ్గింది.

ఈ ప్రమాదానికి బాధ్యత నాది. పొడి ఎన్ని గ్రాములో, ఎన్ని నిమిషాలో అన్నీ చెప్పాను గాని, మరుగుదొడ్డి మూలన యాసిడ్ సీసా ఉందా అని అడగలేదు. ఉండి తీరుతుందని నాకు తెలియనిది కాదు, ఆ సీసా లేని ఇల్లు మా ప్రాంతంలో అరుదు. ఫినాయిలు, సబ్బు పొడి వంటి ఇతర మందులతో కూడా బ్లీచింగ్‌ను కలపవద్దని ఆ రోజు సాయంత్రమే వెళ్ళి చెప్పి, యాసిడ్ సీసాను మేమే తీసుకువచ్చేశాం.

తరువాతి రోజులు

వంట బాధ్యత తాతగారి చెల్లెలు తీసుకున్నారు. ఆమెది పక్క వీధి, జబ్బు సోకలేదు. తన ఇంట్లోనే వండి, గుమ్మం బయట పెట్టి వెళ్ళేవారు. తొమ్మిదో రోజు దాకా అలా జరిగింది. ఆ తరువాత కోడలు వంటకు తిరిగి వచ్చినా, పిల్లకు పది రోజులపాటు చెంచాతోనే పెట్టింది. మామ్మగారికి లేచి పెరట్లోకి వెళ్ళే ఓపిక లేనందున మంచం దగ్గరే కుండ పెట్టారు. మలంలో అంతే పరిమాణంలో 0.5 శాతం ద్రావణం పోసి, అరగంట ఆగి మరుగుదొడ్డిలో పారబోసేవారు. రోగుల బట్టలను విదిలించకుండా విడిగా చుట్టి, మలం అంటినచోటు ముందు కడిగి, తెల్లవి 0.1 శాతం ద్రావణంలో నానబెట్టి, రంగువి పొయ్యి మీద నీళ్ళలో మరగబెట్టి ఎండలో ఆరవేశారు.

ఆశా కార్యకర్త రోజూ వెళ్ళి చూసేది. ఆమె చీటీలో పదకొండో రోజు ఒక మాట రాసి ఉంది: "కుళాయి పిడి తుడవడం రెండు పూటలు తప్పింది." నిజానికి ఇటువంటి పనులలో మొదట జారిపోయేవి ఈ చిన్న పనులే. ఇల్లంతా ఒకసారి కడగడం మనిషికి తృప్తినిస్తుంది, ఒక పిడిని రోజుకు రెండుసార్లు రెండు వారాలు తుడవడంలో ఆ తృప్తి ఉండదు. అందుకే మరుగుదొడ్డి తలుపు మీద సుద్దముక్కతో రోజుకు రెండు గళ్ళు గీసి, తుడిచినప్పుడల్లా టిక్కు పెట్టే పని తొమ్మిదేళ్ల అబ్బాయికి అప్పగించాం. తుడిచేది పెద్దవాళ్లు, లెక్క చూసేది వాడు. ఆ తరువాత ఒక్క పూట కూడా తప్పలేదు.

ఆరో రోజు తరువాత ఆ ఇంట్లో కొత్తగా ఎవరికీ జబ్బు రాలేదు. ఇరవై ఒకటో రోజు వరకు గమనించాం.

ఏది చెప్పవచ్చు, ఏది చెప్పరాదు

మేము వెళ్ళేసరికే ఏడుగురిలో ఐదుగురికి జబ్బు వచ్చేసింది. మిగిలినవారిలో చిన్నకొడుకు ఆ వారం ఇంట్లో తిన్నది ఒకటి రెండు పూటలే. తాతగారు అదే పెళ్ళి భోజనం చేసి, అదే బిందె నీళ్ళు తాగి కూడా జబ్బు పడలేదు. పుట్టుకతోనే ఈ వైరస్‌లో చాలా రకాలు సోకని శరీరతత్వం కొందరికి ఉంటుంది, ఆయనది అటువంటిది కావచ్చు. కాబట్టి మా బ్లీచింగ్ వల్లనే జబ్బు ఆగిందని ఈ ఒక్క ఇంటిని చూపి నేను వాదించలేను. పట్టుకోవడానికి మనుషులు మిగలక కూడా ఆగి ఉండవచ్చు.

చెప్పగలిగినది మరొకటి ఉంది. మూడుసార్లు కడిగినదంతా నేల. జబ్బు దారి మాత్రం మలం నుంచి వేళ్ళకు, వేళ్ళ నుంచి మగ్గు పిడికి, కుళాయికి, బిందెకు, అన్నం ముద్దకు సాగింది. ఆ దారిలో నేల వాటా చిన్నది. తట్టు, క్షయ అయితే గాలి దారి చూడాలి, అక్కడ కిటికీలు తెరవడం బ్లీచింగ్ కంటే ముఖ్యం. గజ్జి అయితే బట్టలు, పక్కలు చూడాలి. ఇంటి శుద్ధి అడిగినవాళ్లకు మందు పేరు చెప్పే ముందు, ఆ జబ్బు ఏ దారిన ఒకరి నుంచి ఒకరికి వెళుతుందో నేను ఇప్పుడు ముందు చెబుతున్నాను. దాన్ని బట్టి ఏ వస్తువులను శుద్ధి చేయాలో ఇంటివాళ్లే గుర్తుపడతారు. ఆ మగ్గు సంగతి మేము ఎత్తగానే బిందె సంగతి కోడలే ఎత్తింది.

మా ఆశా కార్యకర్తలు ఇళ్ళకు తీసుకెళ్ళే చీటీని ఈ కేసు తరువాత తిరగరాశాం. అంతకుముందు దాని మీద మొదటి వరుసలో పొడి కొలత ఉండేది. ఇప్పుడు మొదటి వరుసలో "మరుగుదొడ్డిలో యాసిడ్ సీసా ఉందా? ఉంటే ముందు బయట పెట్టించండి" అనీ, రెండో వరుసలో "ఈ ఇంట్లో వండేది ఎవరు? వారికి జబ్బు తగ్గి రెండు రోజులయిందా?" అనీ ఉంటాయి. పొడి కొలత మూడో వరుసలోకి వెళ్ళింది.